జెకర్యా ధూపం వేసేటప్పుడు జనం "వెలుపల" ఉన్నారంటే సరిగ్గా ఎక్కడ? దేవాలయం మోడల్ చేస్తున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

సండేస్కూల్_టీచర్:
అందరికీ వందనాలండి. మాది గుంటూరు దగ్గర ఒక చిన్న సంఘం. క్రిస్మస్‌కి పిల్లలతో లూకా మొదటి అధ్యాయం, అదే జెకర్యా కథ (ముసలి యాజకుడు ధూపం వెయ్యడానికి దేవాలయం లోపలికి వెళ్తే దేవదూత కనిపించి, మాట పడిపోయి బయటికి వస్తాడు), నాటికలా వేయిస్తున్నాం, వెనకాల యెరూషలేము దేవాలయం మోడల్ ఒకటి థర్మోకోల్‌తో చేసి పెడదామనుకున్నాం. అట్టలు, ఫెవికాల్, బంగారు రంగు జిగినా కాగితం అన్నీ కొనేశాక నెట్‌లో బొమ్మలు చూస్తే ఒకదానికి ఒకటి పొంతన లేదు, ఒక దాంట్లో గుడారం ఉంది, ఒక దాంట్లో గుమ్మం ముందు రెండు పెద్ద ఇత్తడి స్తంభాలు, ఇంకో దాంట్లో ఎక్కడా స్తంభాలే లేని తెల్లటి పెద్ద కట్టడం. జెకర్యా లోపలికి వెళ్ళింది వీటిలో దేంట్లోకి?

ఇంకోటి, ధూపం వేసే టైంలో జనమంతా వెలుపల ప్రార్థన చేస్తున్నారని ఉంది కదా, ఆ వెలుపల అంటే రోడ్డు మీదా, ప్రహరీ లోపలా, మెట్ల మీదా? జనం వేషం వేసే పిల్లలు పదిహేను మంది ఉన్నారు, వాళ్ళని ఎక్కడ నిలబెట్టాలో తెలియట్లేదు. దీనికన్నా పెద్ద చిక్కు ఏంటంటే రిహార్సల్‌లో మా ఏడేళ్ళ పాప ఒకతి అడిగింది, "టీచర్, తాతగారు లోపల కాసేపు ఎక్కువ ఉంటే జనం ఎందుకు ఆశ్చర్యపడ్డారు, ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకోవచ్చు కదా" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏదో ఒకటి చెప్పి పంపించడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నా.

రోజూ_తామీద్:
అక్కా వందనాలు. నాకు చాలా ఇష్టమైన టాపిక్ ఇది, కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఏ గుడి అన్నది. గుడారం మోషే కాలంది, ఎడారిలో విప్పుకుని మోసుకెళ్ళేది. స్తంభాలున్నది సొలొమోను కట్టింది, 60 మూరల పొడవు 20 మూరల వెడల్పు 30 మూరల ఎత్తు, దాన్ని క్రీ.పూ. 586లో నెబుకద్నెజరు సైన్యం కాల్చేసింది. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండోది కట్టుకున్నారు. దాన్నే హేరోదు క్రీ.పూ. 20 ప్రాంతంలో మొదలుపెట్టి దాదాపు కొత్తగా కట్టించాడు, జెకర్యా వెళ్ళింది దీంట్లోకే. లూకా కూడా హేరోదు దినాల్లో అనే మొదలుపెడతాడు చూడండి. లోపలి మందిరం పని ఏడాదిన్నరలో అయిపోయిందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, యాజకులు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడని చోటు కాబట్టి యాజకులకే తాపీపని, వడ్రంగం నేర్పించి కట్టించారట. అంటే జెకర్యా వంతు వచ్చేనాటికి ఆ గోడలకి పదీ పదిహేనేళ్ళు ఉంటాయంతే, కొత్త రాయి ఇంకా మెరుస్తూనే ఉండి ఉంటుంది.

ఇక వెలుపల. గుడి ముఖం తూర్పుకి. తూర్పు నుంచి లోపలికి వస్తుంటే మొదట స్త్రీల ఆవరణ, 135 మూరల చదరం. పేరు అలా ఉంది గానీ ఆడవాళ్ళకి మాత్రమే అని కాదు, మామూలుగా ఆడవాళ్ళు అక్కడి దాకా వచ్చేవాళ్ళు, మగవాళ్ళూ అక్కడ ఉండేవాళ్ళు. దాని పడమటి చివర అర్ధచంద్రాకారంలో 15 మెట్లు, పైన నీకానోరు ద్వారం. అది దాటితే ఇశ్రాయేలీయుల ఆవరణ, అడ్డంగా 135 మూరలు, లోతు మాత్రం 11 మూరలే, వరండాలా సన్నగా. తర్వాత యాజకుల ఆవరణ ఇంకో 11. తర్వాత బలిపీఠం 32. బలిపీఠానికీ మందిరానికీ మధ్య ఖాళీ 22, ఆ ఖాళీలోనే మందిరం ముఖమంటపానికి ఎక్కే 12 మెట్లు. తర్వాత మందిరం 100 మూరలు. మందిరం వెనక ఇంకో 11. అన్నీ కూడితే 187, మిష్నా (యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం)లో మిద్దోత్ అనే భాగంలో లెక్క సరిగ్గా ఇలాగే ఉంటుంది.

కాబట్టి మీ పిల్లలు రోడ్డు మీద కాదు. మగపిల్లలు ఇశ్రాయేలీయుల ఆవరణలో, ఆడపిల్లలు మెట్ల కింద స్త్రీల ఆవరణలో. ముందు వరసలో నిలబడ్డవాడికీ మంటపానికీ మధ్య 11, 32, 22 కలిపి 65 మూరలు, మన లెక్కలో 30 మీటర్లు పైచిలుకు. అంతే దూరం. ఆ మధ్యలో పీఠం మీద మంట కనిపిస్తుంది, వెనకాల పెద్ద గుమ్మం కనిపిస్తుంది, లోపల బంగారు ధూపవేదిక దగ్గర ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ కనిపించదు. లూకా ఈ చోట వాడిన గ్రీకు మాట "నావోస్", అంటే లోపలి మందిరం ఒక్కటే. మొత్తం ప్రాంగణానికి "హియెరోన్" అని వేరే మాట ఉంది. మనకి రెండూ ఆలయం, దేవాలయం అని వచ్చేసరికి ఆ తేడా తెలియకుండా పోతుంది.

పాప అడిగిన దానికి జవాబు ఉంది అక్కా, చాలా మంచి ప్రశ్న అడిగింది. డ్యూటీకి టైమైంది, రాత్రికి రాస్తా.

నెల్లూరు_బ్రదర్:
సిస్టర్, యాకీను, బోయజు అనే ఆ రెండు ఇత్తడి స్తంభాలు పెట్టండి, అవి లేకపోతే దేవాలయంలా ఉండదు. రాజులు మొదటి గ్రంథం 7లో కొలతలు కూడా ఉన్నాయి, 18 మూరల ఎత్తు. పక్కన ఎద్దుల మీద ఇత్తడి సముద్రం కూడా పెట్టండి, పిల్లలకి నచ్చుతుంది. లోపల మందసం (పది ఆజ్ఞల పలకలుండే పెట్టె) మర్చిపోవద్దు.

రోజూ_తామీద్:
బ్రదర్, మీరు చెప్పింది సొలొమోను గుడికి కరెక్ట్. ఈ సీన్‌కి మాత్రం వద్దు. ఆ స్తంభాల్నీ ఇత్తడి సముద్రాన్నీ బబులోనువాళ్ళు ముక్కలు చేసి ఆ ఇత్తడంతా పట్టుకెళ్ళారని రాజులు రెండో గ్రంథం 25లో మన బైబిల్లోనే ఉంది. హేరోదు గుడిలో కడుక్కోవడానికి గంగాళం ఉండేది, బలిపీఠానికీ మంటపానికీ మధ్య కొంచెం దక్షిణంగా, దానికి కుళాయిలు ఉండేవి. మందసం అసలే లేదు. అతిపరిశుద్ధ స్థలం 20 మూరల చదరం, ఖాళీ. నేల మీద మూడు వేళ్ళ ఎత్తున ఒక రాయి ఉండేదని మిష్నా చెప్తుంది, ఏడాదికి ఒకరోజు ప్రధాన యాజకుడు ధూపార్తి తెచ్చి ఆ రాయి మీద పెట్టేవాడు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే ఆ గదిలోకి జొరబడ్డాడు, లోపల దేవుడి రూపం ఏదీ లేదన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

స్తంభాల బదులు గుమ్మం మీద బంగారు ద్రాక్షతీగ పెట్టండి. ఇది నిజంగా ఉండేది. ఎవరైనా బంగారు ఆకో, పండో, గుత్తో చేయించి తెస్తే ఆ తీగకి తగిలించేవాళ్ళు. పిల్లలు ఒక్కొక్కరూ జిగినా కాగితంతో ఒక్కో ఆకు కత్తిరించి అంటిస్తే ఎంత బావుంటుంది.

ఓల్డ్‌సిటీ_చూసొచ్చా:
నేను పోయినేడాది హైదరాబాద్ నుంచి ఒక గ్రూప్‌తో యెరూషలేము వెళ్ళొచ్చాను, కళ్ళతో చూసినవి చెప్తా. మనం పడమటి గోడ అని ఫోటోల్లో చూసేది గుడి గోడ కాదు, హేరోదు కొండ చుట్టూ కట్టించిన ప్రహరీ గోడలో ఒక ముక్క, గోడ మొత్తం 488 మీటర్లు ఉంటే బయట ప్రార్థన చేసుకునే చోట కనిపించేది ఓ 60 మీటర్ల లోపే. పక్కన టన్నెల్లోకి వెళ్తే ఒకే రాయి 13 మీటర్లు దాటి ఉంది, దాని పక్కన నడుస్తూ చెయ్యి పెట్టి తడుముతూ వెళ్తే ఎంతకీ అయిపోదు, ఎలా జరిపారో అనిపించింది. దక్షిణం వైపు వెడల్పాటి మెట్లు ఉన్నాయి, హుల్దా ద్వారాలకి వెళ్ళేవి, వాటి మీద కూర్చున్నప్పుడు నాకు నోట మాట రాలేదు, జనం నిజంగా ఆ మెట్లెక్కే లోపలికి వెళ్ళింది.

మోడల్ చేసేవాళ్ళు ఇశ్రాయేల్ మ్యూజియంలో ఉన్న పెద్ద మోడల్ వీడియోలు చూడండి, 1:50 స్కేల్, 1966లో చేశారు, 2006లో మ్యూజియంకి మార్చారు. కొలతలకి అంతకన్నా మంచిది నాకు తెలిసి లేదు. ఇంకా ప్రాంగణం మధ్యలో ఒక పొట్టి కంచె లాంటి గోడ ఉండేది, అన్యజనులు (యూదులు కానివాళ్ళు) ఇది దాటితే చావు తప్పదు అని గ్రీకులో చెక్కిన రాళ్ళు దాని మీద ఉండేవి. అలాంటి రాయి ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అపొస్తలుల కార్యాల్లో పౌలు మీద గొడవ జరిగింది దీని గురించే కదా, ఎఫెసువాణ్ణి లోపలికి తెచ్చాడని. మీ మోడల్‌లో ఆ కంచె తప్పకుండా పెట్టండి.

రోజూ_తామీద్:
వచ్చానండి. ఇప్పుడు పాప ప్రశ్న.

దానికి ఆ గుళ్ళో ఒక రోజు ఎలా గడిచేదో తెలియాలి. మిష్నాలో తామీద్ అనే భాగం మొత్తం ఇదే, తెల్లవారకముందు నుంచి చివరి పాట దాకా. తామీద్ అంటే నిత్యం అని అర్థం, రోజూ పొద్దున ఒక గొర్రెపిల్ల, మధ్యాహ్నం దాటాక ఒక గొర్రెపిల్ల, నిర్గమకాండం 29లో ఉన్నదే.

యాజకులు 24 తరగతులు, ఒక్కో తరగతికి ఒక్కో వారం, ఏడాదికి రెండుసార్లు వంతు వచ్చేది. జెకర్యాది అబీయా తరగతి, అది ఎనిమిదోది. రాత్రి వాళ్ళు నిప్పు ఉండే ఒక గదిలో పడుకునేవాళ్ళు, పెద్దలు తాళాలు దగ్గర పెట్టుకుని, కుర్రవాళ్ళు నేల మీద. చీకటి ఉండగానే పనులు పంచే అధికారి వచ్చి తలుపు కొట్టేవాడు, అప్పటికే స్నానం చేసి సిద్ధంగా ఉన్నవాళ్ళకి చీటి. మొదటి పని పీఠం మీది బూడిద తియ్యడం. అది చేసేవాడు ఒక్కడే వెళ్ళాలి, చేతిలో దీపం ఉండకూడదు, పీఠం మీది మంట వెలుగే దారి. మిగతావాళ్ళకి అతను కనిపించడు, గంగాళం దగ్గర చెక్క చక్రం తిరిగిన చప్పుడు వినిపిస్తే ఆహా కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడు అనుకునేవాళ్ళు. నాకు ఈ ఒక్క దృశ్యం చాలు, అన్ని వందల ఏళ్ళ కిందటి తెల్లవారుజాము కళ్ళకి కట్టినట్టు ఉంటుంది.

మొదట్లో ఈ పనికి చీటీ లేదు, ర్యాంపు మీద పరిగెత్తి ముందు చేరినవాడిది. ఒకసారి ఇద్దరు సమానంగా పరిగెత్తి ఒకడు ఇంకొకణ్ణి తోస్తే కాలు విరిగింది, అప్పటి నుంచి చీటి పెట్టారు. ఆ చీటి కూడా కాగితం చీటి కాదు, గుండ్రంగా నిలబడి వేళ్ళు చాపేవాళ్ళు, అధికారి ఒక నంబరు అనుకుని ఒకరి దగ్గర మొదలుపెట్టి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయేవాడు, నంబరు ఎవరి దగ్గర ఆగితే పని అతనిది. మనుషుల్ని లెక్కపెట్టకూడదని వేళ్ళు లెక్కపెట్టడం. మన పిల్లలు ఆటకి ముందు పంటలు వేసుకోరూ, అలాంటిదే. నాటికలో పిల్లలతో ఇది చేయించండి, చూసేవాళ్ళకి భలే అర్థమవుతుంది.

ఇలా రోజుకి నాలుగు చీట్లు. ధూపానిది మూడోది. దానికి పిలిచేటప్పుడే "ధూపానికి కొత్తవాళ్ళు రండి" అని పిలుస్తారు, ఒకసారి వేసినవాడికి మళ్ళీ ఛాన్స్ లేదు. అక్కా ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి, జెకర్యా అప్పటికే బాగా వృద్ధుడు. అంటే ఎన్నో ఏళ్ళుగా ఏడాదికి రెండు వారాలు వస్తూ, ప్రతిసారీ వేళ్ళు చాపి నిలబడి, ప్రతిసారీ పక్కవాడికి పడుతుంటే చూసి ఇంటికి వెళ్ళాడు. మన బైబిల్లో "వంతు వచ్చెను" అని ఉన్నదాని వెనక ఇదంతా ఉంది, గ్రీకులో చీటి వల్ల దక్కింది అనే మాటే.

ఇక ఆలస్యం సంగతి. పొద్దున తూర్పు తెల్లబడిందా అని ఒకరు ఎత్తు మీద నిలబడి చూసి చెప్పాక గొర్రెపిల్లకి బంగారు గిన్నెలో నీళ్ళు తాగించి వధించేవాళ్ళు. ముక్కలకి ఉప్పు చల్లి పీఠం ర్యాంపు కింది సగంలో పెట్టి ఆపేవాళ్ళు. అందరూ రాతి గదికి వెళ్ళి పది ఆజ్ఞలు, "ఓ ఇశ్రాయేలూ వినుము" చదివి వచ్చాక ధూపం. ఒకతను నిప్పులు పట్టుకెళ్ళి బంగారు వేదిక మీద పరిచి, సాష్టాంగపడి వెనక్కి వచ్చేస్తాడు. ధూపం వేసేవాడు కొత్తవాడు కదా, పక్కవాళ్ళు జాగ్రత్త చెప్తారు, నీ వైపు నుంచి మొదలుపెట్టకు కాలుతుంది అని. తర్వాత మంటపానికీ పీఠానికీ మధ్య ఉన్నవాళ్ళంతా తప్పుకుంటారు. లోపల అతనొక్కడే. ధూపం వెయ్యాలి, సాష్టాంగపడాలి, వచ్చెయ్యాలి. కొద్దిసేపటి పని.

అతను వచ్చేదాకా ముక్కలు ర్యాంపు మీదే ఉంటాయి, గుళ్ళో పాడే లేవీయులు పాట మొదలుపెట్టరు, ద్రాక్షారసం పొయ్యరు, మొత్తం ఆగి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ధూపం అయ్యాక యాజకులు మంటపం మెట్ల మీద వరసగా నిలబడి చేతులెత్తి జనాన్ని ఆశీర్వదించాలి, సంఖ్యాకాండం 6లో ఉన్న ఆశీర్వాదం. జనం కనిపెట్టుకుని ఉన్నది దీనికోసం. ధూపం వేసినవాడూ ఆ వరసలో ఉండాల్సినవాడే. పైగా లోపల ఆలస్యమైతే ఏమైందోనని భయం, ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు కూడా లోపల ప్రార్థన పొడిగించకూడదు, జనం కంగారు పడతారు అని మిష్నాలోనే ఉంది.

అలా ఎదురు చూస్తే చివరికి ఆయన మెట్ల మీదికి వచ్చాడు, ఆశీర్వదించడానికి నోట మాట లేదు, సైగలు చేస్తున్నాడు. జీవితంలో ఒక్కసారి వచ్చే రోజున. పాపకి ఇలా చెప్పండి.

తిరుపతి_సుబ్బు:
నేను క్రిస్టియన్ కాదండి, ఊరికే చదువుకుంటూ వచ్చి ఇక్కడ ఆగిపోయా. ప్రాకారాలు దాటుకుంటూ లోపలికి పోతుంటే వెళ్ళగలిగినవాళ్ళు తగ్గిపోవడం, చివర చీకటి గది, తెల్లవారుజామునే మొదలయ్యే సేవలు, వంశపారంపర్యంగా అర్చకులు, చదువుతుంటే మాకు బాగా పరిచయమున్నట్టే అనిపించింది, ఆ చివరి గదిలో ఏ రూపమూ లేదన్నది మాత్రం పూర్తిగా వేరు. రెండు డౌట్లు. రోజూ ఈ ఖర్చంతా ఎవరిది? బలులంటే నెత్తురు ఎంతో ఉంటుంది కదా, ఆ నేలంతా ఎలా కడిగేవాళ్ళు?

రోజూ_తామీద్:
సుబ్బు గారూ, ఖర్చు జనానిదే. ప్రతి మగవాడూ ఏడాదికి అర షెకెలు కట్టేవాడు, విదేశాల్లో ఉన్నవాళ్ళు కూడా పంపేవాళ్ళు, తామీద్ గొర్రెపిల్లలు కొనేది ఆ డబ్బుతో, కాబట్టి అది ఏ ఒక్క ధనవంతుడి బలీ కాదు, అందరిదీ. గుడి పోయాక రోమావాళ్ళు ఆ డబ్బుని పన్నుగా మార్చి తమ జూపిటర్ గుడికి కట్టించుకున్నారు, ఆ జనం గుండె ఎంత మండి ఉంటుందో.

నేలంతా రాళ్ళు పరిచి ఉండేది, ఆవరణ గుండా నీళ్ళ కాలువ ఒకటి పోయేది. పీఠం నైరుతి మూల రెండు రంధ్రాలుండేవి, నెత్తురు వాటిల్లోంచి కాలువలో కలిసి కిద్రోను లోయకి పోయేది, తోటలవాళ్ళు డబ్బు కట్టి ఎరువుగా పట్టుకెళ్ళేవాళ్ళు. యాజకులు చలికాలం కూడా చెప్పుల్లేకుండా ఆ చల్లటి రాళ్ళ మీదే, తిండి ఎక్కువగా మాంసం, అందుకే కడుపు జబ్బులకి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు, గుడి ఉద్యోగుల లిస్టులో అతని పేరు కూడా ఉంది.

ఒక మాట చెప్పాలి. మిష్నా కూర్చింది క్రీ.శ. 200 ప్రాంతంలో, గుడి కాలిన 130 ఏళ్ళకి. జోసీఫస్ అయితే స్వయంగా యాజకుల ఇంట పుట్టి గుడిని కళ్ళారా చూసినవాడు. ఇద్దరి లెక్కలూ అన్ని చోట్లా కలవవు. కొండ 500 మూరల చదరం అని మిష్నా అంటుంది, ఇప్పుడున్న గోడలు దానికన్నా చాలా పెద్దవి, చదరం కూడా కాదు. లోపలి ఆవరణ కొలతలకి నేనైతే మిష్నానే పట్టుకుంటా.

ఓల్డ్‌సిటీ_చూసొచ్చా:
తామీద్ ఎప్పుడు ఆగిపోయిందో కూడా రాయండి బ్రదర్.

రోజూ_తామీద్:
క్రీ.శ. 70లో, రోమా సేనాని తీతు ముట్టడిలో. తమ్మూజు నెల 17న ఆగింది, కొన్ని వారాలకి ఆబు నెలలో గుడి కాలిపోయింది. యూదులు ఇప్పటికీ తమ్మూజు 17న ఉపవాసం ఉంటారు. ఊరు ఆకలితో చచ్చిపోతున్నా ఆ రోజు దాకా రోజుకి రెండు గొర్రెపిల్లలు ఆపలేదు వాళ్ళు.

సండేస్కూల్_టీచర్:
అన్నా, ఏమని చెప్పాలో తెలియట్లేదు. నిన్న క్లాసులో పాపకి చెప్పాను, మొత్తం విని "అయితే ఆ రోజు జనం ఆశీర్వాదం లేకుండానే ఇంటికెళ్ళారా" అంది. మిగతా యాజకులు చెప్పి ఉంటారమ్మా అన్నాను, అది సరైన జవాబేనా? వేళ్ళతో చీటి కూడా చేయించాం, మళ్ళీ మళ్ళీ ఆడారు. ఇప్పుడు మోడల్ కొలతలు చెప్పండి, మా దగ్గర 8 అడుగులు 4 అడుగుల ప్లైవుడ్ ఒకటి ఉంది. మొత్తం బంగారు కాగితం అంటించేయొచ్చా?

రోజూ_తామీద్:
సరైన జవాబే అక్కా, ధూపానికి లోపలి పనుల్లో పాల్గొన్న యాజకులు ఐదుగురు మెట్ల మీద నిలబడతారని ఉంది, కాబట్టి మిగతా నలుగురూ ఉన్నారు.

మూరకి అర సెంటీమీటరు పెట్టుకోండి. స్త్రీల ఆవరణ 67.5 సెం.మీ. చదరం, లోపలి ఆవరణ 93.5 పొడవు 67.5 వెడల్పు, రెండూ కలిపి 161 సెం.మీ., మీ ప్లైవుడ్ మీద సరిపోయి చుట్టూ కంచెకి కూడా చోటు మిగులుతుంది. మందిరం ఎత్తు 50 సెం.మీ., పొడవు 50, ముందు వైపు వెడల్పు 50, వెనక వైపు 35. ముందు వెడల్పు వెనక సన్నం, సింహంలా ఉండేదని పోలిక. బలిపీఠం 16 సెం.మీ. చదరం, ఎత్తు 5, ర్యాంపు దక్షిణం వైపు 16 పొడవు 8 వెడల్పు. పీఠానికి నున్నటి థర్మోకోల్ వాడొద్దు, ఇనుము తగలని చెక్కని రాళ్ళతో కట్టింది అది, గులకరాళ్ళు అంటించండి.

మొత్తం బంగారం వద్దు. బంగారు రేకులు లేని చోటల్లా తెల్లగా ఉండి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి మంచు కప్పిన కొండలా కనిపించేదని జోసీఫస్ అన్నాడు. తెలుపు ఎక్కువ, గుమ్మం చుట్టూ బంగారం. పైకప్పు అంచున పక్షులు వాలకుండా సన్నటి మొనలు ఉండేవి, గుండుసూదులు గుచ్చండి.

సండేస్కూల్_టీచర్:
గుండుసూదులు ఉన్నాయి, గులకరాళ్ళు రేపు పిల్లలు తెస్తామన్నారు. పీఠం మీద పొగకి దూది పెడుతున్నా. మంటపానికీ పీఠానికీ మధ్య 11 సెంటీమీటర్లు ఖాళీగా వదిలేశాను అన్నా, అక్కడ ఏ బొమ్మా పెట్టట్లేదు.